కంది వేరును చలక నేల సత్తువయు

ముషీరాబాదు, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగరు ప్రాంతములు నేడు హైదరాబాదు నగర మధ్యమున నున్నవి. అయినను అచ్చట ఇండ్లకు పునాదులు త్రవ్వినప్పుడు పెక్కుచోట్ల నగరము క్రింద దాగిన పాతనేల బయటపడుచుండును. పైన ఎర్రమన్ను, దాని క్రింద గరుకైన మొరము, ఆ క్రింద గట్టి గ్రానైటు రాయి. నగరము దాటిన పిమ్మట రంగారెడ్డి, నల్లగొండ, మహబూబ్‌నగరు మొదలగు జిల్లాలలో రైతులు చలక యని పిలుచు నేల పెక్కుభాగము ఇట్టిదే. ఈ రాయి అనేక యుగములు ఎండకు వానకు చివికి మన్నైనది. దానిలోని ఇనుము త్రుప్పుపట్టి మంటికి ఎరుపు నిచ్చినది. ఆ ఇనుమే పైరునకు రావలసిన యొక ముఖ్యాహారమును తనలో పట్టియుంచుచున్నది.

ఖుష్కి సేద్యము చేయు రైతులెల్లరు ఎరిగిన విషయ మొకటి కలదు. ఎరువు ఎరుగని చలక చేనులో జొన్నయు మొక్కజొన్నయు కొంత పెరిగి, ఆకులు ఊదారంగునకు తిరిగి, కుంటుపడి నిలిచిపోవును. అదే చేనులో కంది మొదట నెమ్మదిగా నున్నను పిమ్మట పుంజుకొని కాపు నిచ్చును. ఇందువలన కందికి ఎరువక్కరలేదను మాట పల్లెలలో నాటుకొన్నది. ఈ మాటలో సగము నిజము, సగము పొరపాటు. నిజమైన సగము నెరిగిన రైతు ఎరువుల ఖర్చు తగ్గించుకొనగలడు. పొరపాటైన సగమును గుర్తింపని రైతు, తన తండ్రి తనకిచ్చిన దానికంటె బలహీనమైన పొలమును తన కొడుకునకు అప్పగించును. కావున ఈ రెండు సగములను వేరుపరచి తెలిసికొనుట అవసరము.

ఉన్నది వేరు, అందునది వేరు

పైరునకు కావలసిన ఆహారములలో నత్రజని, భాస్వరము, పొటాషు అను మూడును ముఖ్యమైనవి. ఇవి నేలలో నున్నంత మాత్రమున పైరునకు అందవు. నీటిలో కరిగి వేరును చేరినపుడే అందును. పాతరలో జొన్నలున్నను, మూత తీయనిదే ఇంటివారి ఆకలి తీరదు గదా.

మూడింటిలోను భాస్వరము మిక్కిలి కదలిక లేనిది. చలక నేలలలో ఇది ఇనుముతోను అల్యూమినియముతోను కలిసి గట్టిపడును. రేగడి నేలలలో సున్నముతో కలిసి గట్టిపడును. రెండింటిలోను మంటియందు మొత్తముగా నున్న భాస్వరము కొంత ఎక్కువగనే యున్నను, నీటిలో కరిగియుండునది అత్యల్పము. కరిగినదియైనను దినమునకు మిల్లీమీటరులో కొద్దిభాగము మాత్రమే కదలును. వాననీటితో నత్రజని కొట్టుకొని పోయినట్లు భాస్వరము పోదు. అది వేరును వెదకికొని రాదు; వేరే దానిని వెదకికొని పోవలయును. దుక్కిలో వేసిన భాస్వరపు టెరువులో కొంత భాగము మాత్రమే ఆ యేటి పైరునకు దక్కి, తక్కినది మంటిలో బిగిసికొనుటకు కారణ మిదియే.

వేరు చుట్టును జరుగు పని

వేరు నీటిని పీల్చు గొట్టము మాత్రమే కాదు. ఆకులు ఎండలో తయారుచేసిన చక్కెరలో కొంతభాగమును మొక్క వేళ్ళగుండ మంటిలోనికి విడుచుచుండును. చక్కెరలు, ఆమ్లములు, జిగురు పదార్థములు ఇట్లు వెలువడును. ఒక గ్రాము మంచి మంటిలో కోట్లకొలది సూక్ష్మజీవులుండును. అవి ఈ ఆహారమునకై వేరు చుట్టును గుమిగూడును. వేరు నంటియున్న ఈ పలుచని మంటి పొర తక్కిన నేలవంటిది కాదని జర్మను శాస్త్రజ్ఞుడు లోరెంజు హిల్ట్‌నర్ 1904లో గుర్తించి, దానికి ప్రత్యేకముగా నొక పేరు పెట్టెను.

ఈ సూక్ష్మజీవులు చేయు పనులు పలు విధములు. పెంటను, రాలిన ఆకును, చచ్చిన వేళ్ళను కుళ్ళబెట్టి వానిలోని నత్రజనిని విడుదల చేయునవి కొన్ని. ఆ నత్రజనిని మొదట అమ్మోనియాగను, పిమ్మట నైట్రేటుగను మార్చునవి మరికొన్ని. యూరియా వేసినప్పుడు కూడ ఇదే మార్గమున మార్పు జరుగును. నైట్రేటు నీటిలో తేలికగా కరుగును గనుక, చలక నేలలో పెద్దవాన కురిసిన యెడల అది వేళ్ళకు అందనంత లోతునకు జారిపోవును. నీరు నిలిచిన నేలలో వేరొక జాతి సూక్ష్మజీవులు దానిని వాయువుగా మార్చి గాలిలో కలిపివేయును. జొన్నకును మొక్కజొన్నకును యూరియాను ఒకేసారి వేయక దఫాలుగా వేయవలెనని చెప్పుటకు కారణము ఇదియే.

సూక్ష్మజీవులు సేవకులు మాత్రమే కావు, పైరుతో పోటీపడు భోక్తలు కూడ. జొన్న మోళ్ళు, కందికట్టె వంటి ఎండు పదార్థమును చివుకకమునుపే దున్ని కలిపిన యెడల, దానిని తినుటకు వానికి నత్రజని చాలక, నేలలోని నత్రజనిని అవియే తీసికొనును. అప్పుడు పైరు పసుపుబారును. కొన్ని వారముల పిమ్మట ఆ సూక్ష్మజీవులు చచ్చియో, వానికంటె పెద్దవైన ఏకకణజీవులకు ఆహారమైయో, ఆ నత్రజని మరల పైరునకు అందును. నష్టము శాశ్వతము కాదు గాని, లేతపైరునకు అదను తప్పును.

వేళ్ళతో పొత్తు కుదుర్చుకొను శిలీంధ్రములును కలవు. ఇవి వేరు లోపల కొంత భాగము నాటుకొని, వెంట్రుక కంటె ఎన్నో రెట్లు సన్ననైన దారములను మంటిలోనికి సాచును. వేరు దూరలేని సందులలోనికి ఈ దారములు దూరి, భాస్వరమును తెచ్చి మొక్కకిచ్చి, మారుగా మొక్కనుండి చక్కెరను పుచ్చుకొనును. జొన్న, మొక్కజొన్న, కంది, శనగ మొదలగు పైరులన్నిటికిని ఈ పొత్తు కలదు. నేలను మాటిమాటికి లోతుగా కలియదున్నినను, పైరు లేక దీర్ఘకాలము బీడుపెట్టినను ఈ దారములు తెగి క్షీణించును.

పటాన్‌చెరువులో తేలిన సంగతి

తక్కిన పైరులకును ఈ సహాయములన్నియు నుండగా, చలకలో కంది మాత్రము నెగ్గుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము హైదరాబాదునకు సమీపముననే దొరకినది. పటాన్‌చెరువు వద్ద 1972లో స్థాపింపబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ, అనగా ఇక్రిశాటు, తన క్షేత్రమున ఎర్రనేలయు నల్లనేలయు రెండును కలిగియున్నది. అచ్చట జపాను శాస్త్రజ్ఞుడు నొరిహారు ఏయును ఆయన సహచరులును జరిపిన పరీక్షల ఫలితములు 1990లో ప్రకటింపబడినవి.

భాస్వరపు టెరువు వేయని ఎర్రనేలలో జొన్న మొదలగు పైరులు ఎదుగక కుంటుపడగా, కంది నిలిచి పెరిగినది. కంది వేళ్ళనుండి వెలువడు ద్రవమును పరిశీలింపగా, అందు పిసిడిక్ ఆమ్లము అను పదార్థము కనుగొనబడినది. ఈ ఆమ్లము ఇనుమును పట్టుకొని బంధించును. ఇనుము ఇట్లు పట్టుపడగానే దానితో బిగిసియున్న భాస్వరము విడివడి వేరునకు అందును. జొన్నకు తాళముపడిన పాతర కందికి తెరచుకొనుటకు కారణము ఇదియే. దీనికి తోడు కంది తల్లివేరు రెండు మీటర్ల లోతు వరకు పోగలదు గనుక, జొన్న వేళ్ళు చేరని మొరములోని తడియు సత్తువయు దానికి కొంత చిక్కును.

రేగడిలో తాళము వేరు, తాళపుచెవి వేరు. అచ్చట భాస్వరమును బిగించియున్నది సున్నము. శనగ వేళ్ళు నిమ్మపండునకు పులుపునిచ్చు ఆమ్లమును విడుచును. అది సున్నముతో కూడిన భాస్వరమును కరిగించును. శనగచేనిలో తెల్లవారుజామున నడచిన రైతునకు ఆకులమీది పులుపు తెలియును. ఆకులపై నుండు పులుపు వేరు జాతి ఆమ్లములదైనను, ఆమ్లములను వెలువరించుట ఈ మొక్క స్వభావమని దానివలన గ్రహింపవచ్చును. చలకలో కందియు రేగడిలో శనగయు వేయు పెద్దల యలవాటులో వానకును తేమకును సంబంధించిన యుక్తితో పాటు ఈ మేలును ఇమిడియున్నది.

తరి భూమిలో మరియొక విధము. మడిలో నీరు నిలిచినప్పుడు మంటిలో గాలి తగ్గి, ఇనుము తన రూపము మార్చుకొనును. అప్పుడు దానితోనున్న భాస్వరము కొంత తనంతట విడివడును. అందువలన ఒకే ఎర్రమంటిలో వరికంటె మెట్టపైరునకే భాస్వరపు కొరత ముందుగా కనబడును.

గాలినుండి వచ్చు నత్రజని

కందికి రెండవ బలము వేళ్ళమీది బుడిపెలు. ఒక్క యెకరము నేలపై నిలిచియున్న గాలిలో సుమారు 30 వేల టన్నుల నత్రజని కలదు. అయినను ఏ మొక్కయు దానిని నేరుగా వాడుకొనజాలదు. కంది, పెసర, వేరుశనగ, శనగ వంటి పైరుల వేళ్ళలో రైజోబియము జాతి సూక్ష్మజీవులు కాపురముండి, గాలిలోని నత్రజనిని పైరునకు పనికివచ్చు రూపమునకు మార్చును. జర్మనీదేశమున హెల్‌రీగెల్ అను శాస్త్రజ్ఞుడు 1886లో ఈ సంగతిని వెల్లడించెను. 1888లో హాలెండుదేశస్థుడగు బైజరింకు బుడిపెలలోని జీవిని వేరుచేసి పెంచెను.

ఈ పొత్తు ఉచితము కాదు. మొక్క తన చక్కెరను ఇచ్చి నత్రజనిని కొనుచున్నది. నేలలోనే నత్రజని విస్తారముగా దొరకినచో మొక్క ఈ బేరము మానుకొనును, బుడిపెలు తగ్గిపోవును. కావున కందికి యూరియాను విరివిగా వేయుట రెండు విధముల నష్టము: యూరియాకు పెట్టిన సొమ్మును పోవును, గాలినుండి రావలసినదియు రాకుండును.

బుడిపెలు పనిచేయుచున్నవో లేదో రైతు స్వయముగా చూచుకొనవచ్చును. విత్తిన 40, 50 దినములకు పొలములో నాలుగైదుచోట్ల మొక్కలను పీకక, చుట్టును త్రవ్వి మంటితో తీసి, నీటిలో కడిగి చూడవలెను. బుడిపెను గోటితో చీల్చినప్పుడు లోపల ఎరుపుగానో గులాబిరంగుగానో యున్న యెడల అది పనిచేయుచున్నది. తెల్లగా, ఆకుపచ్చగా లేక గోధుమరంగుగా నున్నచో పనిచేయుట లేదు.

పొలపు జమాఖర్చు

ఇక పొరపాటైన సగమును చూడవలయును. ఒక ఎకరమున 4 క్వింటాళ్ళ కందులు పండినవనుకొనుడు. ఆ గింజతోపాటు పొలమునుండి సుమారు 13 కిలోల నత్రజనియు, ఎరువుల లెక్కన భాస్వరము సుమారు 3 కిలోలును బయటికి పోవును. నత్రజనిలో చాలభాగమును బుడిపెలు గాలినుండి మరల తేగలవు. అంతేకాక రాలిన ఆకువలనను నేలలో మిగిలిన వేళ్ళవలనను తరువాతి పైరునకును కొంత దక్కును. కంది తరువాత వేసిన మొక్కజొన్నకు హెక్టారుకు సుమారు 40 కిలోల నత్రజని వేసినంత లాభము కలిగినట్లు 1983లో ప్రకటింపబడిన పటాన్‌చెరువు పరీక్షలలో తేలినది. ఎకరమునకు లెక్కింపగా ఇది సుమారు 35 కిలోల యూరియాకు సమానము.

భాస్వరము సంగతి అట్లు కాదు. గాలిలో భాస్వరము లేదు. కంది వేరు పాతర మూత తీయునే గాని, పాతరలో ఒక్క గింజయు పోయదు. తీసినకొలది తరుగును. ఏటికి 3 కిలోలు స్వల్పముగా తోచును. అందుచేతనే రైతు కంటికి ఈ నష్టము కనబడదు. పదేండ్లలో అది 30 కిలోలగును. దానిని డి.ఏ.పి. రూపమున తిరిగి ఇయ్యవలెనన్న ఒక బస్తాకు మించిన ఎరువు కావలయును. ఏ ఎరువును ఇయ్యక ఏటేట కందిని తీసికొను పొలము మొదట పండుచునే యుండును. పండుచున్నది గనుక సత్తువ యున్నదని రైతు భ్రమపడును. వేరు చివరకు గట్టి భాగమును గోకునంతవరకు నష్టము తెలియదు. జొన్న కుంటుపడి రైతును ముందే హెచ్చరించును, కంది హెచ్చరింపదు. కంది బలమే ఇచ్చట రైతును ఏమరించునది.

పొలమునుండి వెడలిన భాస్వరము ఎచ్చటికి పోవుచున్నది? కందులు పప్పై నగరము చేరును. ముషీరాబాదు, చిక్కడపల్లి వంటి పేటలలో వండబడి, భుజింపబడి, అందలి భాస్వరము మురుగునీటితో మూసీనది వైపు సాగిపోవును. మూసీ దిగువన ఆ నీటితో వరియు పశుగ్రాసమును పండించు గ్రామములు కలవు గాని, కంది పండిన చలక చేనికి మాత్రము అది తిరిగి రాదు. పూర్వము ధాన్యము ఊరిలోనే తినబడి, పెంట ఊరిపొలమునకే చేరుచుండెను. నేడు ఆ చక్రము తెగినది. తెగినచోట దానిని అతుకునది రైతు తన పొలమునకు తిరిగి యిచ్చునది మాత్రమే. భాస్వరపు టెరువులు రాతినుండి తయారగును; ఆ రాయి ఈ దేశమున చాలనంత లేదు, పెక్కుభాగము విదేశములనుండి వచ్చును. కావున ఇచ్చునది వ్యర్థము కాకుండ ఇయ్యవలయును.

రైతులు చేయవలసినవి

1. ముందుగా మంటిని పరీక్ష చేయింపవలెను. పొలములో పలుచోట్ల 15 సెంటీమీటర్ల లోతువరకు మన్ను తీసి, కలిపి, నీడను ఆరబెట్టి పంపవలెను. ఏండ్ల తరబడి డి.ఏ.పి. వేసిన పొలములలో భాస్వరము పేరుకొని యుండవచ్చును. అట్టిచోట మోతాదు తగ్గించి, ఉన్నదానిని కంది వేరుచేత తీయించుట లాభము. ఎన్నడును వేయని పొలములలో మానుట నష్టము. ఏ పొలము ఏ స్థితిలో నున్నదో పరీక్ష లేక తెలియదు.

2. పరీక్ష కానియెడల కందికి ఎకరమునకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరము అను సాధారణపు మోతాదు పాటింపవచ్చును. ఒక బస్తా డి.ఏ.పి.కి కొంచెము తక్కువ సరకు దీనికి సరిపోవును. వేరుగా యూరియా అక్కరలేదు.

3. భాస్వరపు టెరువును పైన వెదజల్లరాదు. అది కదలదు గనుక, విత్తు చాలులోనే విత్తనమునకు తగులకుండ కొంచెము ప్రక్కగాను లోతుగాను పడవేయవలెను. మంటితో తక్కువగా కలిసిన కొలది ఇనుముతో తక్కువగా బిగియును.

4. క్రొత్తగా కంది వేయు పొలములలో విత్తనమునకు రైజోబియము పట్టింపవలెను. బెల్లపు నీటిని కాచి, పూర్తిగా చల్లార్చి, దానితో పొడిని విత్తనమునకు అంటించి, నీడను ఆరబెట్టి, ఆ దినమే విత్తవలెను. ఎండ తగిలినచో సూక్ష్మజీవులు చచ్చును. కంది పొడి శనగకు పనికిరాదు. శనగ బుడిపెలలోని జాతి వేరు. విత్తనమునకు తెగులు మందు పట్టింపవలసియున్న యెడల ముందు మందు పట్టించి, ఆరిన పిమ్మట చివరకు రైజోబియమును పట్టింపవలెను.

5. కందిని జొన్నతోగాని మొక్కజొన్నతోగాని సాళ్ళుగా కలిపి వేయుట మేలు. ఒకదాని వేళ్ళు పైపొరలోను, రెండవదాని వేళ్ళు లోతునను మేయును. ఏటేట కందిపైన కంది వేయరాదు. సత్తువ తరుగుటయే కాక ఎండు తెగులు నేలలో పెరుగును.

6. పంట కోసిన పిమ్మట రాలిన ఆకును పొలముననే యుంచవలెను, ఊడ్చి కాల్చరాదు. కందికట్టెను పొయ్యికి వాడుకొన్నచో ఆ బూడిదను పెంటకుప్పలో పారవేయక, వానకు తడియకుండ నిలువచేసి అదే చేనులో చల్లవలెను. కట్టెలోని నత్రజని పొగతో పోయినను, భాస్వరమును పొటాషును బూడిదలో మిగులును.

7. పెంటను పచ్చిగా తోలక, గుంటలో తడితో చివికించి తోలవలెను. చివికిన పెంట సూక్ష్మజీవులకు ఆహారమై, ఇనుము భాస్వరమును బిగించుటను కొంత తగ్గించును.

8. చెరువు పూడికమట్టి చలకకు మంచి బలము; తేమను సత్తువను నిలుపును. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో తీసిన పూడికను పెక్కు గ్రామముల రైతులు పొలములకు తోలుకొనిరి. అయితే హుస్సేన్‌సాగరువలె నగరపు మురుగును కర్మాగారముల వ్యర్థములును చేరిన చెరువుల పూడికను, మురుగుకాలువల మడ్డిని తోలరాదు. అందుండు విషలోహములు ఒకసారి పొలమున చేరిన పిమ్మట తొలగవు.

9. భాస్వరమును కరిగించు సూక్ష్మజీవుల పొడులు అంగళ్ళలో దొరకును. అవి బిగిసినదానిని కొంత విడిపింపగలవే గాని, లేనిదానిని తేజాలవు. వానిని ఎరువునకు తోడుగా వాడవచ్చును గాని, ఎరువునకు బదులుగా నెంచరాదు.

కంది చలక రైతునకు మంచి చెలికాడు. గాలినుండి నత్రజనిని తెచ్చును. ఇనుముతో బిగిసిన భాస్వరమును విడిపించును. ఆకు రాల్చి నేలను కప్పును. కాని పొలపు జమాఖర్చు వ్రాసికొనుట మాత్రము దాని పని కాదు, రైతు పని. గింజతో బయటికి పోయిన దెంతో గుర్తుంచుకొని, అంతయైనను ఏటేట తిరిగి యిచ్చిన పొలము తరము మారినను తరుగదు.